ఎల్‌ఎన్‌జీ భద్రతపై పరిశోధన: ఇంధనం మారితే చదువు వృథా అవుతుందా?

ప్రశ్న: నేను కెమికల్ ఇంజినీరింగ్ చివరి సంవత్సరం చదువుతున్నాను. ద్రవీకృత సహజ వాయువు, అంటే ఎల్‌ఎన్‌జీ భద్రతపై పనిచేసే ఒక బృందంలో పరిశోధన పీజీకి అవకాశం వచ్చింది. రాబోయే కాలం హైడ్రోజన్‌ది, బ్యాటరీలది కాబట్టి ఇప్పుడు ఎల్‌ఎన్‌జీ మీద సమయం వెచ్చిస్తే ఆ తరువాత ఉద్యోగాలు దొరకవని మా ఇంట్లో వద్దంటున్నారు. నన్నేం చేయమంటారు?

జవాబు: మీ ఇంట్లోవారి సందేహం కొట్టిపారేయదగ్గది కాదు. ఎల్‌ఎన్‌జీలో ప్రధానంగా ఉండేది మీథేన్. అది మండినప్పుడు డీజిల్ కంటే తక్కువ కార్బన్ డయాక్సైడ్ వెలువడుతుంది కానీ, ఇంజిన్‌లో మండకుండా తప్పించుకున్న మీథేన్, వందేళ్ల లెక్కన చూస్తే, అంతే బరువున్న కార్బన్ డయాక్సైడ్ కంటే పాతిక రెట్లకు పైగా భూమిని వేడెక్కిస్తుంది. అందుకే దీన్ని మధ్యంతర ఇంధనంగానే చూసేవారు చాలామంది ఉన్నారు. అయినా ఈ అవకాశాన్ని వదులుకోవద్దనే నా సలహా. అతి చల్లగా ఉండే, మండే గుణమున్న ద్రవం ట్యాంకు దాటి బయటపడితే ఎలా మరుగుతుంది, ఎటు పాకుతుంది, ఎప్పుడు అంటుకుంటుంది అన్నదే అక్కడ మీరు నేర్చుకునే అసలు విద్య, అది ఇంధనం మారినా మీతోనే ఉంటుంది.

సహజ వాయువును సుమారు మైనస్ 162 డిగ్రీల సెల్సియస్‌కు చల్లబరిస్తే ద్రవంగా మారి, దాని ఘనపరిమాణం దాదాపు 600వ వంతుకు తగ్గుతుంది. ఓడలూ దూరప్రయాణాల లారీలూ దీన్ని ఇంధనంగా మోయగలగడానికీ, చిన్న లీకు కూడా పెద్ద ఆవిరి మేఘం కావడానికీ కారణం ఇదే. గాలిలో ఆ ఆవిరి 5 నుంచి 15 శాతం మధ్య ఉన్నప్పుడు అంటుకుంటుంది. ఇళ్లలో వాడే గ్యాస్‌కు కలిపినట్టు దీనికి వాసన పదార్థాన్ని కలపడం కుదరదు, అంత చలిలో అది గడ్డకట్టిపోతుంది. కాబట్టి లీకును పసిగట్టే పని ముక్కుకు కాక పరికరాలకు అప్పగించాల్సిందే.

ఒలికిన చోట నేలను అంటుకుని కదిలే తెల్లటి పొగమంచును చూసి చాలామంది అదే గ్యాస్ అనుకుంటారు. నిజానికి అది చలికి గాలిలోని తేమ ఘనీభవించి ఏర్పడిన మంచు. గాలి బాగా తేమగా ఉంటే మండే ప్రాంతం ఆ మంచు లోపలే ఉంటుంది, పొడిగా ఉంటే కంటికి కనిపించకుండా మంచు అంచు దాటి ముందుకు పాకుతుంది. మీథేన్ మామూలుగా గాలి కంటే తేలికే అయినా, చల్లగా ఉన్నంతసేపూ బరువుగా నేలబారుగానే ఉంటుంది. ఒలికిన ద్రవం మీద నీళ్లు కొడితే ఆ నీటిలోని వేడికి ఇంకా వేగంగా ఆవిరవుతుంది. బాగా పొంగించిన నురుగును మందంగా కప్పితే, దాని గుండా పైకి వచ్చే ఆవిరి కొంత వేడెక్కి, తేలికై, పైకి లేచిపోతుంది. ఈ నురుగుపై టెక్సాస్ ఏ అండ్ ఎం విశ్వవిద్యాలయంలోని మేరీ కే ఓకానర్ ప్రాసెస్ సేఫ్టీ సెంటర్ పరిశోధకులు ఆరుబయట ప్రయోగాలు చేశారు. ఈ రంగంలో పరిశోధన అంటే చాలావరకు ఇలాంటి పనే.

ఈ రంగంలోకి వచ్చే ప్రతి విద్యార్థీ 1944 అక్టోబరు 20న అమెరికాలోని క్లీవ్‌లాండ్‌లో జరిగిన ప్రమాదాన్ని క్షుణ్ణంగా చదవాలి. అక్కడ ఎల్‌ఎన్‌జీ ట్యాంకు పగిలి, ద్రవం వీధుల్లోకీ మురుగు కాలువల్లోకీ పారి అంటుకోవడంతో సుమారు 130 మంది మరణించారు. మూడున్నర శాతం నికెల్ మాత్రమే ఉన్న ఆ ట్యాంకు ఉక్కు అంత చలికి పెళుసుబారడాన్ని ప్రధాన కారణంగా చెబుతారు. తరువాతి కాలంలో 9 శాతం నికెల్ ఉక్కు వాడుకలోకి వచ్చింది. ఒక్క ప్రమాదంలోనే లోహశాస్త్రం, ద్రవ ప్రవాహం, అగ్నిశాస్త్రం, పట్టణ నిర్మాణం కలిసి ఉండటం గమనించండి.

ఇక మీ ఇంట్లోవారి అసలు ప్రశ్నకు వస్తాను. ద్రవ హైడ్రోజన్ ఉష్ణోగ్రత మైనస్ 253 డిగ్రీలు. అది గాలిలో 4 నుంచి 75 శాతం వరకూ మండుతుంది, అంటుకోవడానికి మీథేన్‌కు కావలసిన శక్తిలో పదో వంతు కూడా అక్కర్లేదు, పైగా పగటి వెలుతురులో దాని మంట దాదాపు కనిపించదు. ఎల్‌ఎన్‌జీ గొట్టం మీద మంచు మాత్రమే పేరుకుంటే, సరైన కవచం లేని ద్రవ హైడ్రోజన్ గొట్టం మీద గాలే ద్రవమై కారుతుంది. ఆక్సిజన్ ఎక్కువగా ఉండే ఆ చుక్కలు పడిన చోట మామూలు వస్తువులు కూడా భగ్గున మండగలవు. కొత్త ఇంధనాలుగా చూస్తున్న మరో రెండింటిలో, అమ్మోనియా తేలిగ్గా అంటుకోదు కానీ విషవాయువు. మిథనాల్ మామూలు ఉష్ణోగ్రతలోనే ద్రవంగా ఉంటుంది, దాని మంట కూడా పగలు సరిగా కనబడదు. ఇలా అంకెలు మారినా, ఆవిరి వ్యాప్తిని లెక్కగట్టే సమీకరణాలూ, ప్రమాద విశ్లేషణ పద్ధతులూ చాలావరకు అవే. 2019 జూన్‌లో నార్వేలోని సాండ్వికాలో హైడ్రోజన్ నింపే కేంద్రం పేలిపోవడానికి మూలం, అధిక పీడన ట్యాంకు మూత బోల్టులను సరిగా బిగించకపోవడమేనని తేలింది. అటువంటి లోపాన్ని ముందే పట్టుకునే క్రమశిక్షణ ఏ ఇంధనంతో నేర్చుకున్నా పనికొస్తుంది.

నియమావళి చూసినా ఇదే తెలుస్తుంది. వాయువులను, తక్కువ ఉష్ణోగ్రతలోనే అంటుకునే ఇంధనాలను వాడే ఓడల కోసం అంతర్జాతీయ సముద్రయాన సంస్థ తెచ్చిన ఐజీఎఫ్ కోడ్ 2017 జనవరి 1న అమల్లోకి వచ్చింది. అందులో వివరమైన నిబంధనలు సహజ వాయువుకే ఉన్నాయి. మిథనాల్‌కు తాత్కాలిక మార్గదర్శకాలు 2020లో వచ్చాయి. కొత్త ఇంధనం వచ్చిన ప్రతిసారీ, పాతదానికి దీటైన భద్రత ఉందని నిరూపించే మనుషులు కావాలి. ఓడలను తనిఖీ చేసి ధ్రువీకరించే సంస్థలు, ఇంజిన్ తయారీదారులు, రేవులు, బీమా కంపెనీలు, నియంత్రణ సంస్థలు ఇలాంటివారిని తీసుకుంటాయి. అయితే ఉద్యోగాల సంఖ్య సాఫ్ట్‌వేర్ రంగంలో ఉన్నంత ఉండదు, అనుభవం వచ్చేదాకా ఎదుగుదల నెమ్మదిగానే ఉంటుంది. ఈ మాట మీ ఇంట్లో దాచకుండా చెప్పండి.

చేరేముందు మార్గదర్శకులను కొన్ని విషయాలు అడగండి. బృందానికి ప్రయోగాల సదుపాయం ఉందా, కంప్యూటర్ నమూనాలతోనే సరిపెడతారా? నమూనాలే అయితే వాటిని 1980ల నాటి బర్రో, కొయోటి, మాప్లిన్ శాండ్స్ వంటి, ఎల్‌ఎన్‌జీని ఆరుబయట ఒలికించి చేసిన ప్రయోగాల కొలతలతో సరిచూస్తారా? కొలతలతో పోల్చి చూడని అందమైన రంగుల చిత్రాలకు ఈ రంగంలో విలువ లేదు, అలాంటి చోట చేరవద్దని గట్టిగా చెబుతాను. ఉష్ణ ప్రసరణ, ద్రవ గతిశాస్త్రం, సంభావ్యత ఈ సెలవుల్లోనే మళ్లీ చదవండి. సిద్ధాంత వ్యాసంలో ఒక అధ్యాయమైనా, అదే పద్ధతిని ద్రవ హైడ్రోజన్‌కో అమ్మోనియాకో వర్తింపజేసి చూసేలా అంశాన్ని మలచుకోవచ్చా అని మొదటి సమావేశంలోనే అడిగి, ఒప్పుకుంటే ఆ మాటను మీ పరిశోధన ప్రతిపాదనలో రాయించుకోండి.