టెక్ సందేహాలు: చౌక మదర్‌బోర్డులో ఎక్కడ రాజీ పడవచ్చు?

ప్రశ్న: గేమింగ్ కోసం సొంతంగా కంప్యూటర్ కూర్చుకుంటున్నాను. బడ్జెట్‌లో ఎక్కువ భాగం ప్రాసెసర్‌కూ గ్రాఫిక్స్ కార్డుకూ పోయింది. మిగిలిన డబ్బుకు దొరికే మదర్‌బోర్డుల్లో, ఒకే చిప్‌సెట్ (బోర్డులో ఏయే సౌకర్యాలుంటాయో నిర్ణయించే చిప్పు) ఉన్న రెండింటి మధ్య కూడా ధరలో బాగా తేడా కనిపిస్తోంది. చౌకదాన్ని తీసుకుంటే గేముల్లో వేగం తగ్గుతుందా?

జవాబు: ప్రాసెసర్, గ్రాఫిక్స్ కార్డు, ర్యామ్ అవే అయినప్పుడు ఖరీదైన బోర్డు పెట్టినంత మాత్రాన ఫ్రేములు పెరగవు, నాసిరకం బోర్డు మాత్రం వాటిని తగ్గించగలదు. ఈ శీర్షికకు అదే పనిగా వచ్చే ఫిర్యాదు ఒకటుంది: గేమ్ మొదలుపెట్టాక పది పదిహేను నిమిషాలు చక్కగా నడుస్తుంది, ఆ తర్వాత ఉన్నట్టుండి ఫ్రేములు పడిపోతాయి, ప్రాసెసర్ ఉష్ణోగ్రత చూస్తే మామూలుగానే ఉంటుంది, గ్రాఫిక్స్ కార్డులోనూ లోపం కనిపించదు. బోర్డు ఫొటో పంపమని అడిగితే చాలాసార్లు కనిపించేది ఒకటే, ప్రాసెసర్ సాకెట్ పక్కన హీట్‌సింక్ (వేడిని లాగే లోహపు దిమ్మ) లేకుండా బోడిగా ఉన్న వీఆర్‌ఎం, అంటే ప్రాసెసర్‌కు వెళ్లే వోల్టేజీని మార్చే భాగం.

పవర్ సప్లై నుంచి ప్రాసెసర్ కోసం బోర్డుకు వచ్చేది 12 వోల్టులు. ప్రాసెసర్ కోర్లకు కావలసింది ఇంచుమించు 1.25 వోల్టులు. ఆ మార్పిడి చేసేది వీఆర్‌ఎం. 100 వాట్లు తీసుకునే ప్రాసెసర్‌కు ఆ వోల్టేజీ వద్ద 80 ఆంపియర్ల కరెంటు అందించాలి కాబట్టి, సాకెట్ చుట్టూ వరుసగా కనిపించే చిన్న మాస్‌ఫెట్‌ల (కరెంటును స్విచ్‌లా నడిపే విడిభాగాల) మీద పడే భారం తక్కువేమీ కాదు. అవి హద్దు మీరి వేడెక్కినప్పుడు బోర్డు తనను తాను కాపాడుకోవడానికి ప్రాసెసర్ క్లాక్‌ను కిందికి దించుతుంది. ఉష్ణోగ్రత సూచీలో ప్రాసెసర్ చల్లగా కనిపిస్తున్నా గేమ్ తడబడడానికి కారణం ఇదే.

ప్రాసెసర్ పెట్టె మీద రాసిన వాట్లను నమ్మి బోర్డు ఎంచుకోవడం మరో పొరపాటు. 65 వాట్ల ముద్ర ఉన్న ప్రాసెసర్లలో కొన్ని టర్బో స్థితిలో, అంటే తమంతట తాము వేగం పెంచుకున్నప్పుడు, 200 వాట్లు దాటుతాయి. ఆరు కోర్ల మధ్యశ్రేణి ప్రాసెసర్‌కు సాధారణ బోర్డు చాలు. పన్నెండో పదహారో కోర్లు ఉన్నదాన్ని తెచ్చి హీట్‌సింక్ లేని బోర్డు మీద కూర్చోబెడితే, ప్రాసెసర్ మీద పెట్టిన డబ్బులో కొంత వృథా అయినట్లే. వీఆర్‌ఎంలో భారాన్ని పంచుకునే ఫేజుల సంఖ్యను చూసి కూడా మురిసిపోకండి. ఒకే సంకేతంతో రెండేసి భాగాలను నడిపించి, ఆరు ఫేజులను పన్నెండుగా ప్రకటించుకునే పద్ధతి ఈ పరిశ్రమలో మామూలే. ఇంకొందరు మోడల్ పేరు అదే ఉంచి, రివిజన్ నంబరు మాత్రం మార్చి, లోపలి విడిభాగాలు మార్చేస్తారు. మీరు చదివిన సమీక్ష ఒక రివిజన్‌ది, మీ ఇంటికి వచ్చిన బోర్డు మరో రివిజన్‌ది అయితే అడిగే దిక్కుండదు. పైగా హీట్‌సింక్‌కు వెచ్చించవలసిన సొమ్మును రంగురంగుల లైట్లకూ ప్లాస్టిక్ కవచాలకూ ఖర్చుపెట్టి, దానికి గేమింగ్ బోర్డు అని పేరు పెట్టడం చూస్తుంటే పైన పటారం లోన లొటారం అన్న సామెతే గుర్తుకొస్తుంది.

చిప్‌సెట్ల విషయానికి వస్తే, ప్రతి తరంలోనూ అట్టడుగు మెట్టు మీద ఉండే దానిలో ఏవి కత్తిరించారో చూసి నిర్ణయించుకోవాలి. ఇంటెల్ ప్రాసెసర్లకు వాడే హెచ్610 బోర్డుల్లో ర్యామ్‌కు రెండే స్లాట్లుంటాయి, మెమరీ ఓవర్‌క్లాకింగ్ (నిర్ణీత వేగానికి మించి నడపడం) ఉండదు, ప్రాసెసర్‌కు నేరుగా అనుసంధానమయ్యే ఎం.2 సాకెట్ (ఎస్‌ఎస్‌డీ బిగించే చోటు) కూడా ఉండదు. ఏఎండీ ప్రాసెసర్లకు వాడే ఏ620 కొంత నయం. ప్రాసెసర్‌ను ఓవర్‌క్లాక్ చేయనివ్వదు గానీ మెమరీని చేయనిస్తుంది. గేములే మీ ప్రధాన అవసరమైతే ప్రాసెసర్ ఓవర్‌క్లాకింగ్ లేకపోవడాన్ని లోటుగా భావించవలసిన పని లేదు.

ఒక చోట మాత్రం జాగ్రత్త అవసరం. తక్కువ ధర గ్రాఫిక్స్ కార్డుల్లో చాలావాటికి స్లాట్ పొడుగు పదహారు లేన్లది (డేటా దారులది) ఉన్నా లోపల పనిచేసేవి ఎనిమిదే. కార్డును బోర్డుకు కలిపే పీసీఐఈ దారి 4.0 తరానిదైన బోర్డు మీద ఆ ఎనిమిది లేన్లు సెకనుకు దాదాపు 16 గిగాబైట్లు మోస్తాయి, 3.0 మాత్రమే ఉన్న పాత బోర్డు మీద అందులో సగం. కార్డు సొంత మెమరీ నిండనంత వరకు తేడా పెద్దగా తెలియదు గానీ, 8 జీబీ కార్డు మీద టెక్స్చర్ల నాణ్యతను పైకి లాగిన మరుక్షణం గేమ్ కుదుపులతో నడవడం మొదలవుతుంది.

రెండో ఎం.2 సాకెట్‌లో ఎస్‌ఎస్‌డీ పెట్టగానే పాత హార్డ్ డిస్క్ కనిపించకుండా పోయిందని రాసేవారికి కూడా ఇక్కడే జవాబు: చాలా బోర్డుల్లో ఆ సాకెట్ ఒకటి రెండు సాటా పోర్టులతో (హార్డ్ డిస్కులు తగిలించే చోట్లతో) దారి పంచుకుంటుంది, అది నిండితే ఇవి మూగబోతాయి. ఈ సంగతి మాన్యువల్‌లో చిన్న అక్షరాల్లో ఉంటుంది. మాన్యువల్ కొనకముందే తయారీదారు సైట్‌లో ఉచితంగా దొరుకుతుంది. ఫొటోలు అరగంట చూసేవారు ఆ ఒక్క పట్టికను ఎందుకు చూడరో నాకు అర్థం కాదు.

ప్రశ్న: కొత్త బోర్డు బిగించి, ఖాళీ ఎస్‌ఎస్‌డీ మీద విండోస్‌ను శుభ్రంగా ఇన్‌స్టాల్ చేశాను. మొదటిసారి డెస్క్‌టాప్ రాగానే బోర్డు తయారీదారు యాప్ దించుకోమంటూ ఒక పెట్టె ప్రత్యక్షమైంది. నేను డ్రైవర్ డిస్క్ పెట్టలేదు, ఏదీ డౌన్‌లోడ్ చేయలేదు. ఇది వైరసా?

జవాబు: వైరస్ కాదు గానీ, మీకు కలిగిన అనుమానం సరైనదే. విండోస్ 8 నుంచి ఒక సౌకర్యం ఉంది: బోర్డు ఫర్మ్‌వేర్ (బోర్డు చిప్పులోనే ఉండే సాఫ్ట్‌వేర్) తనలో దాచుకున్న ఒక ప్రోగ్రామ్‌ను బూట్ అయ్యే సమయంలో విండోస్‌కు అందిస్తే, విండోస్ దాన్ని నడుపుతుంది. దొంగతనానికి గురైన ల్యాప్‌టాప్‌లను గుర్తుపట్టే సాఫ్ట్‌వేర్ వంటి వాటికోసం ఏర్పాటు చేసిన ఈ దారిని, లైట్ల రంగులు మార్చే యాప్‌ను అమ్ముకోవడానికి వాడుకుంటున్నారు. డిస్క్‌ను ఎన్నిసార్లు చెరిపినా అది తిరిగి రావడానికి కారణం, అది డిస్క్‌లో లేకపోవడమే.

ఇది ఒట్టి చికాకుతో పోయేదైతే నేను ఇంత రాయను. 2023లో ఒక తయారీదారు బోర్డుల ఫర్మ్‌వేర్‌ను పరిశీలించిన భద్రతా పరిశోధకులకు, రెండు వందలకు పైగా మోడళ్లలో ఇటువంటి అప్‌డేటర్ ఇంటర్నెట్ నుంచి ప్రోగ్రామ్‌ను తెచ్చుకునే తీరే ఆందోళనకరంగా కనిపించింది: ఒక చోట భద్రత లేని సాదా హెచ్‌టీటీపీ, భద్రత ఉన్న చోట సర్టిఫికెట్‌ను సరిగా సరిచూడకపోవడం. అదే నెట్‌వర్క్‌లో మాటు వేసినవాడు అసలు ఫైలు స్థానంలో తనది పంపగలడు. తయారీదారు తర్వాత సవరణ విడుదల చేసినా, ఆ సవరణ బయోస్ (బోర్డు ఫర్మ్‌వేర్‌కు వాడుక పేరు) అప్‌డేట్‌గానే వస్తుంది. దాన్ని వేసుకునేవారు ఎందరు?

అదే ఏడాది డిసెంబరులో లోగోఫెయిల్ బయటపడింది. కంప్యూటర్ ఆన్ చేయగానే తెరపై కనిపించే లోగో బొమ్మను చదివే కోడ్‌లోని లోపాలవి; ఆ బొమ్మ స్థానంలో దాడి కోసం తయారుచేసిన బొమ్మ పెట్టగలిగినవాడు, నమ్మదగిన సాఫ్ట్‌వేర్‌తోనే కంప్యూటర్ మొదలయ్యేలా చూసే సెక్యూర్ బూట్‌నే దాటుకుని పోగలడు. 2024 జులైలో వెల్లడైన పీకేఫెయిల్ ఇంకా సిగ్గుచేటు. పరీక్షల కోసం మాత్రమే ఇచ్చిన, నమ్మవద్దు అని తన మీదే రాసి ఉన్న సెక్యూర్ బూట్ తాళంచెవిని తీసేయకుండా, అదే చెవితో వందలాది మోడళ్లను మార్కెట్లోకి పంపారు. ఆ చెవి రహస్య భాగం అప్పటికే ఇంటర్నెట్‌లోకి లీకై ఉంది. కొన్ని ఆన్‌లైన్ గేములు మోసాలను అరికట్టడానికి సెక్యూర్ బూట్, టీపీఎం 2.0 (రహస్య తాళంచెవులను దాచే భద్రతా భాగం) తప్పనిసరి చేస్తున్నాయి. ఆటగాడి నుంచి అంత కోరుతున్నప్పుడు, ఆ బూట్‌కు పునాది వేసేవారి నుంచి ఈ పాటి శ్రద్ధ ఆశించడం అత్యాశ కాదు.

మీరు చేయవలసింది: బయోస్‌లోకి వెళ్లి, యాప్‌ను ఆటోమేటిక్‌గా దించే ఆప్షన్‌ను ఆపేయండి, పేరు బోర్డును బట్టి మారుతుంది. తర్వాత తయారీదారు సొంత సైట్ నుంచి మాత్రమే కొత్త బయోస్ ఫైలు తెచ్చి, ఎఫ్‌ఏటీ32గా ఫార్మాట్ చేసిన పెన్‌డ్రైవ్‌లో పెట్టి, బయోస్ లోపలి నుంచే అప్‌డేట్ చేయండి. అంతకన్నా ముందు బిట్‌లాకర్ (విండోస్ డిస్క్‌కు వేసే ఎన్‌క్రిప్షన్ తాళం) రికవరీ కీ ఎక్కడుందో చూసుకుని, రక్షణను తాత్కాలికంగా నిలిపివేయండి. ప్రాసెసర్‌లోని టీపీఎం బయోస్ అప్‌డేట్‌తో ఖాళీ అయితే, తర్వాతి బూట్‌లో నీలి తెర మీద 48 అంకెల కీ అడుగుతుంది. ‘నేనెప్పుడూ ఎన్‌క్రిప్షన్ పెట్టలేదు’ అని రాసేవారికి చెబుతున్నాను, విండోస్ 11లో 24హెచ్2 వెర్షన్ నుంచి మైక్రోసాఫ్ట్ ఖాతాతో కొత్తగా ఇన్‌స్టాల్ చేస్తే చాలా కంప్యూటర్లలో అది దానంతటదే మొదలవుతుంది.

మొదటి పాఠకునికి కూడా ఇక్కడే ఒక మాట. 2011 నాటి సెక్యూర్ బూట్ సర్టిఫికెట్ల గడువు 2026 జూన్ నుంచి తీరిపోవడం మొదలవుతుంది. కొత్తవి విండోస్ అప్‌డేట్ ద్వారా వచ్చినా, కొన్ని బోర్డులకు ఫర్మ్‌వేర్ మార్పు కూడా కావాలి. అందువల్ల ఎంచుకునే ముందు ఆ తయారీదారు నాలుగేళ్ల కిందట విడుదల చేసిన చౌక బోర్డు సపోర్ట్ పేజీ తెరిచి, చివరి బయోస్ తేదీ చూడండి. ఏడాదిన్నరకే చేతులు దులుపుకున్నవాడి దగ్గర కొనకండి, అతను వైఫై ఉచితంగా ఇచ్చినా సరే.

ప్రశ్న: డబ్బు ఆదా చేయడానికి వాడిన బోర్డు కొనవచ్చా?

జవాబు: కొనవచ్చు. సాకెట్‌లో పిన్నులు వంగాయేమో మంచి వెలుతురులో పక్క నుంచి చూడండి. డిస్క్ మార్చాం కదా, పాతవారి జాడలన్నీ పోయాయనుకోవద్దు. 2022లో బయటపడిన కాస్మిక్‌స్ట్రాండ్ అనే రూట్‌కిట్ (కనిపించకుండా దాక్కునే హానికర ప్రోగ్రామ్) దొరికింది హెచ్81 చిప్‌సెట్ ఉన్న సాధారణ బోర్డుల ఫర్మ్‌వేర్‌లోనే. వీలైతే ఫ్లాష్‌బ్యాక్ బటన్ ఉన్న బోర్డు తీసుకోండి. ప్రాసెసర్ లేకుండానే పెన్‌డ్రైవ్ నుంచి బయోస్ రాసే ఆ ఏర్పాటులో పాత ఫర్మ్‌వేర్ నడవదు కాబట్టి అడ్డుపడే అవకాశం కూడా ఉండదు. ఆ పని పూర్తయ్యాకే మీ ఎస్‌ఎస్‌డీనీ నెట్‌వర్క్ కేబుల్‌నూ తగిలించండి.