మీటప్‌లో మీ డెమో దగ్గర ఎవరూ ఎందుకు ఆగలేదంటే

రాయదుర్గంలో గేమ్‌లు తయారుచేసేవాళ్ల మీటప్‌లో మీ గేమ్ ఆడినవాళ్లు రెండు నిమిషాల్లోనే లేచిపోయారని నాకు రాశారు, టెన్షన్ పడుతున్నారు. గేమ్‌ని అప్పుడే తప్పుపట్టకండి. కథ, ట్యుటోరియల్ కలిపి నాలుగు నిమిషాలని మీరే రాశారు. అంటే అసలు ఆట మొదలవకముందే వాళ్లు లేచారు.

మీటప్ కోసం విడిగా ఒక బిల్డ్, అంటే గేమ్‌కి ఆడదగ్గ వెర్షన్, చేయండి. తెరవగానే పాత్ర కదలాలి, ఐదు నిమిషాల్లో ముగియాలి. ఒక్క కీ నొక్కితే మళ్లీ మొదటికి రావాలి, లేకపోతే ఒకరు సగంలో వదిలేసిన చోట తర్వాత కూర్చున్నవాళ్లకు ఏమీ అర్థం కాదు. హాల్లో గోల ఎక్కువ కాబట్టి హెడ్‌ఫోన్స్ తప్పనిసరి.

అన్నిటికన్నా కష్టం, వాళ్లు ఆడుతుంటే మీరు మాట్లాడకుండా ఉండటం. నేనూ మొదట్లో పక్కనే నిలబడి "అటు దూకండి" అని చెప్పేవాణ్ని. అలా చెప్పినన్నాళ్లూ, మొదటి లెవెల్లో తలుపు ఎవరికీ కనపడట్లేదని నాకు తెలియనే లేదు. ఎవరు ఎక్కడ ఆగారో రాసుకోండి. ముగ్గురు ఒకే చోట ఆగితే అక్కడే మార్చాలి.

గేమ్‌లు అమ్మే ఆన్‌లైన్ స్టోర్ స్టీమ్‌లో మీ గేమ్ పెట్టడానికి 100 డాలర్ల ఫీజు ఇప్పుడే కట్టాలా అన్నారు. కట్టండి. అక్కడ గేమ్‌కి పేజీ ఉంటే నచ్చినవాళ్లు అక్కడికక్కడే విష్‌లిస్ట్‌లో, అంటే తర్వాత కొనాలనుకునేవాటి జాబితాలో, పెట్టుకుంటారు. ఆ పేజీ క్యూఆర్ కోడ్ ప్రింట్ తీసి ల్యాప్‌టాప్ పక్కన పెట్టండి. అమ్మకాలు 1,000 డాలర్లు దాటితే ఆ ఫీజు తిరిగొస్తుంది.

కొత్త బిల్డ్ అయ్యాక చెప్పండి, వచ్చే మీటప్‌లో మొదట నేనే కూర్చుని ఆడతాను.