రియాదా, ప్రిటోరియానా: అరబిక్ కష్టమా, ఆఫ్రికాన్స్ కష్టమా?

ప్రశ్న: మావారికి కంపెనీ రెండు చోట్లు చూపించింది, సౌదీలో రియాద్ లేదా దక్షిణాఫ్రికాలో ప్రిటోరియా. జీతంలో పెద్ద తేడా లేదు. పెద్దమ్మాయి ఆరో తరగతి, బాబు రెండు. అరబిక్ మనవల్ల కాదని, ప్రిటోరియాలో వినబడే ఆఫ్రికాన్స్ అయితే ఇంగ్లిష్ వచ్చినవాళ్లకి ఇట్టే వచ్చేస్తుందని అందరూ అంటున్నారు. భాషను బట్టి ప్రిటోరియాకే మొగ్గమంటారా?

జవాబు: మీకు చెప్పినవాళ్లు ఊరికే చెప్పలేదమ్మా. అమెరికా విదేశాంగ శాఖ తన ఉద్యోగులకు భాషలు నేర్పే లెక్కలో ఆఫ్రికాన్స్‌కి దాదాపు 600 గంటల క్లాసులు చాలు, అరబిక్‌కి 2,200 గంటలు కావాలి. కానీ ఆ లెక్క ఇంగ్లిష్ మాతృభాష అయినవాళ్లకి, అదీ ఆ భాషలో ఉద్యోగం చేయడానికి. మీరు అక్కడికి వెళ్లేది భాష కోసం కాదు కదా. అది రాకపోతే మీ పని ఎక్కడ ఆగిపోతుందో చూసుకోవాలి. పెళ్లయిన కొత్తలో కువైట్‌లో ఉన్నాం, ఇప్పుడు ప్రిటోరియా పక్కన సెంచూరియన్‌లో స్థిరపడ్డాం కాబట్టి రెండు వైపులా చూసిందే రాస్తున్నాను.

గల్ఫ్‌లో వీధిలోకి వెళ్తే అరబిక్ ముక్క రాకుండా ఏళ్లు గడిచిపోతాయి. కూరగాయల షాపులో మలయాళీ, టాక్సీలో పాకిస్తానీ, ఆస్పత్రిలో ఫిలిప్పీన్స్ నర్సు. హిందీ, ఇంగ్లిష్ కలిపి లాగించేయొచ్చు. చిక్కు వచ్చేది కాగితాల దగ్గర. సౌదీ కార్మిక చట్టం ప్రకారం ఉద్యోగ ఒప్పందం అరబిక్‌లో ఉండాలి. పక్కన ఇంగ్లిష్ వేసినా, రెండింటికీ తేడా వస్తే చెల్లేది అరబిక్‌లో రాసిందే. కువైట్‌లోనూ అంతే. అందుకని ఆఫర్ లెటర్ ఇంగ్లిష్‌లో బాగుందని సంబరపడిపోకుండా, సంతకానికి ముందే అరబిక్ ప్రతి తెప్పించుకుని, కంపెనీతో సంబంధం లేని మనిషి చేత చదివించుకోండి. జీతంలో బేసిక్ ఎంత, అలవెన్సులు ఎంత అని విడివిడిగా ఉన్న చోట ముఖ్యంగా చూడండి. సర్వీసు ముగిశాక వచ్చే డబ్బును దేని మీద లెక్కిస్తారో కూడా అడగండి.

అక్షరాల కన్నా ముందు అంకెలు నేర్చుకోండి. చుక్క పెడితే సున్నా. మనం సున్నా అనుకునే గుండ్రటిది ఐదు. ఇంగ్లిష్ ఏడులా కనబడేది ఆరు. అసలు ఏడేమో ఇంగ్లిష్ వి అక్షరంలా ఉంటుంది, దాన్నే బోర్లిస్తే ఎనిమిది. రాత కుడి నుంచి ఎడమకి సాగినా అంకెలు మాత్రం మనలాగే ఎడమ నుంచి కుడికి చదవాలి. చిన్న షాపుల రసీదులు, కొన్ని ప్యాకెట్ల మీద తేదీలు ఇలాగే ఉంటాయి కాబట్టి ఈ మాత్రం కూడా రాకపోతే ఇబ్బందే.

ఇంకోటి, పేర్లు. అరబిక్‌లో ప అక్షరం లేదు. ప్రసాద్ గారు ఇఖామాలో, అంటే అక్కడి నివాస కార్డులో, బ్రసాద్ అయిపోతారు. పైగా హ్రస్వాలు సాధారణంగా రాయరు, చదివేవాడు తనకు తోచినట్టు పలుకుతాడు. అరబిక్ నుంచి మళ్లీ ఇంగ్లిష్‌లోకి దించేటప్పుడు ఒక అక్షరం మారిందంటే బ్యాంకులో, స్కూల్లో, పిల్లల కాగితాల్లో తిరగలేక చస్తాం. ఇఖామా చేతికొచ్చిన రోజే పాస్‌పోర్టు పక్కన పెట్టుకుని అక్షరం అక్షరం సరిచూసుకోండి.

మాట్లాడే అరబిక్ సంగతి వేరు. గిడుగు రామమూర్తి గారు పుట్టని తెలుగునాడును ఊహించుకోండి. పేపరు, టీవీ వార్తలు, బడి, కోర్టు అంతా గ్రాంథికం, ఇంట్లో మాత్రం ఎవరి యాస వాళ్లది. అరబ్బు దేశాలు నేటికీ అలాగే ఉన్నాయి. యాప్‌లు ఎక్కువగా నేర్పేది ఆ గ్రాంథికమే. ‘ఏం కావాలి’ అనడానికి పుస్తకంలో ‘మాదా తురీద్’ అని ఉంటుంది, రియాద్ మనిషి ‘వెష్ తబీ’ అంటాడు. కువైట్‌లో నేను చూసినంతవరకు ఆఫీసుల్లో ఉన్న ఇంజనీర్ల కన్నా, కడప నుంచి, కోనసీమ నుంచి వచ్చి ఇళ్లలో పనిచేసే ఆడవాళ్లకే మంచి అరబిక్ వచ్చు. వాళ్లకి వంటింట్లో పిల్లలూ ముసలమ్మలూ నేర్పారు.

అంత భయపడాల్సిన భాషా కాదది. ‘నేను ఇండియన్’ అనడానికి ‘అనా హిందీ’ చాలు, మన తెలుగులాగే మధ్యలో ఈజ్, యామ్ ఏమీ అక్కర్లేదు. ‘నా దగ్గర కారు ఉంది’ని వాళ్లు ‘ఇందీ సయ్యారా’ అంటారు, అంటే ‘నా దగ్గర కారు’. ఈ రెండు చోట్లా ఇంగ్లిష్ కన్నా తెలుగే అరబిక్‌కి దగ్గర. జవాబు, తారీఖు, హాజరు, ఖాళీ, హక్కు లాంటి మాటలు ఉర్దూ మీదుగా ఎప్పుడో మనింటికి వచ్చేశాయి కూడా. క్రియలకి ఆడ, మగ తేడా మనకీ అలవాటే, కాకపోతే వాళ్లు ‘నువ్వు’ అనే మాటకీ ఆ తేడా పెట్టారు.

ఇక ఆఫ్రికాన్స్. డచ్చి భాష నుంచి పుట్టింది. వ్యాకరణం నిజంగానే తేలిక. నేను నడిచినా, నువ్వు నడిచినా, వాళ్లందరూ నడిచినా ‘లోప్’ అనే క్రియ అలాగే ఉంటుంది. ‘కాదు, లేదు’ అనేటప్పుడు మాత్రం ‘నీ’ అన్న మాట రెండుసార్లు వస్తుంది. ఆఫ్రికాన్స్ రాదు అని చెప్పడానికి ‘ఎక్ ప్రాట్ నీ ఆఫ్రికాన్స్ నీ’ అంటారు. కొత్తగా వచ్చినవాళ్లకి అన్నిటికన్నా అక్కరకొచ్చే వాక్యం ఇదే.

తడబడేది చదివేటప్పుడు. ఇంగ్లిష్ అక్షరాలే కానీ వి ని ఫ అనాలి, డబ్ల్యూ ని వ అనాలి, జె ని య అనాలి. జి ని గొంతు గీరుకుంటూ ఖ అనాలి, హైదరాబాద్ పాతబస్తీలో ఖాన్ సాబ్ అన్నట్టు. మేముండే రాష్ట్రం పేరును కూడా గౌటెంగ్ అనరు, ఖౌటెంగ్ అంటారు. అరబిక్‌లోనూ ఈ శబ్దం ఉంది కాబట్టి ఎక్కడికి వెళ్లినా ముందు ఇది పట్టుకోండి. తెలంగాణ వాళ్లకి ఉర్దూ చలవ వల్ల ఇబ్బంది లేదు, మా కోస్తా వాళ్లమే క అనేసి ఊరుకుంటాం. ఇక్కడ ప్రతి ఇంటి గోడ మీదా కరెంటు తీగలు, వాటికి పసుపు రంగు బోర్డు, దాని మీద ‘డేంజర్, ఖెఫార్, ఇంగోజీ’. మధ్యది ఆఫ్రికాన్స్, చివరిది జులు.

అయితే ఇది ఎంతమందితో మాట్లాడ్డానికి పనికొస్తుంది? 2022 జనాభా లెక్కల్లో ఇంట్లో ఆఫ్రికాన్స్ మాట్లాడేవాళ్లు 10.6 శాతం, జులు మాట్లాడేవాళ్లు 24.4 శాతం. ఆఫీసు, బ్యాంకు, ప్రభుత్వం అంతా ఇంగ్లిష్. డర్బన్‌లో ఆఫ్రికాన్స్ పెద్దగా వినబడదు, ప్రిటోరియా, కేప్‌టౌన్, బ్లూమ్‌ఫోంటైన్‌లలో వినబడుతుంది. మర్యాద కోసమని నల్లజాతి సహోద్యోగి మీద మాత్రం ప్రయోగించకండి. కొన్ని పాఠాలు ఆ భాషలోనే చదవాలని బలవంతం చేసినందుకే 1976 జూన్ 16న సోవెటోలో పిల్లలు రోడ్డెక్కారు, పోలీసులు కాల్చారు. ఆ రోజు ఇప్పుడు ఇక్కడ సెలవు దినం.

అలాగని అది తెల్లవాళ్ల సొత్తూ కాదు. మాట్లాడేవాళ్లలో సగానికి పైగా తెల్లవాళ్లు కాని వారే. ఇండోనేసియా దీవుల నుంచి, బెంగాల్ నుంచి, మన కోరమాండల్ తీరం నుంచి డచ్చి వాళ్లు కేప్‌కి తెచ్చిన బానిసల నోళ్లలోనూ పెరిగిన భాష అది. వాళ్లలో ముస్లింలు మదర్సాల్లో ఆఫ్రికాన్స్‌ని అరబిక్ లిపిలో రాసుకున్నారు. ఒట్టోమన్ సుల్తాను పంపగా 1863లో కేప్‌టౌన్ వచ్చిన అబూబకర్ ఎఫెందీ అలా రాసిన మతగ్రంథం 1877లో ఇస్తాంబుల్‌లో అచ్చయింది. ఆఫ్రికాన్స్‌కి అధికార హోదా వచ్చింది 1925లో! మీరు అడిగిన రెండు భాషలూ ఒకే పేజీ మీద కలిసిన చోటు కేప్‌టౌన్‌లోని బో-కాప్ పేట. సెలవుల్లో వస్తే తప్పకుండా చూడండి.

దక్షిణాఫ్రికా రాజ్యాంగం ఆరో సెక్షన్‌లో, గౌరవించాల్సిన భాషల్లో తెలుగు పేరూ ఉంది, ప్రార్థనా భాషగా అరబిక్ పేరూ ఉంది. 1860 నుంచి కూలి ఒప్పందాల మీద వచ్చిన మనవాళ్ల వల్ల దక్కిన చోటు అది. వాళ్ల మునిమనవలు ప్రిటోరియాలో లాడియంలో కనిపిస్తారు. ఇంటిపేరు నైడూ అని వినగానే తెలుగు మొదలుపెట్టేయకండి, ఇంట్లో ఇంగ్లిషే. కానీ వాళ్లలో పెద్దవాళ్లకి ఆఫ్రికాన్స్ బాగా వచ్చు, పిల్లలకి ట్యూషన్ కావాలంటే ముందు వాళ్లనే అడగండి.

ట్యూషన్ ఎందుకంటే, ఇక్కడ ఆఫ్రికాన్స్‌తో పని ఆగేది బడిలోనే. ఇంగ్లిష్ మీడియంలో వేసినా ఇంకో అధికార భాష చదివి పాస్ కావాలి, ప్రిటోరియాలో చాలా స్కూళ్లలో అది ఆఫ్రికాన్సే. తోటిపిల్లలు ఒకటో తరగతి నుంచీ చదువుతూ వచ్చి ఉంటారు. కొన్ని బడులు పూర్తిగా ఆఫ్రికాన్స్ మీడియం, దగ్గరుంది కదా అని ఫీజు కట్టేయకుండా ముందే అడగండి. ఏడో తరగతిలోగానీ ఆపైనగానీ మొదటిసారి ఇక్కడి బడిలో చేరే విదేశీ పిల్లలకి మెట్రిక్‌లో (ఇక్కడ అంటే పన్నెండో తరగతి) రెండో భాష బదులు వేరే సబ్జెక్టు తీసుకునే వెసులుబాటు ఉంది. మీ అమ్మాయి సరిగ్గా ఆ గీత మీద ఉంది కాబట్టి స్కూలు నుంచి రాతపూర్వకంగా తీసుకోండి. బాబుకి టెన్షన్ అక్కర్లేదు, ఆటస్థలంలో వాడే పట్టేస్తాడు, పక్కింటి పెద్దాయన్ని ‘ఊమ్’, ఆవిడని ‘టానీ’ అని పిలవడం మొదలుపెడతాడు.

కాబట్టి భాష ఒక్కటే చూస్తే, కష్టమైన అరబిక్ ఉన్న రియాదే మీకు తేలిక. అక్కడ సీబీఎస్ఈ స్కూళ్లున్నాయి, అమ్మాయి చదువు ఉన్న దారిలోనే సాగుతుంది. మిగతా కారణాల వల్ల ప్రిటోరియాకే మొగ్గితే, ఇక్కడ విద్యాసంవత్సరం జనవరిలో మొదలవుతుంది, అప్పటికి అమ్మాయిని ఏడులో చేర్చేలా చూసుకోండి. వీలైతే నవంబరుకే వచ్చేయండి, డిసెంబరు సెలవుల్లో ట్యూషన్ పెట్టించుకోవచ్చు.