సూపర్‌నోవా వర్ణపటం రోజులు గడిచేకొద్దీ ఎందుకు మారుతుంది?

పేలిన నక్షత్రపు పదార్థం విస్తరిస్తూ, చల్లబడుతూ, పలచబడుతూ ఉండటం వల్ల ఒక్కో దశలో మనకు దాని ఒక్కో లోతు కనిపిస్తుంది. వర్ణపటంలో, అంటే తరంగదైర్ఘ్యాలుగా విడదీసి చూసిన దాని కాంతిలో, వచ్చే మార్పుకు మూలం అదే. జపాన్‌కు చెందిన కోయిచి ఇటగాకి 2023 మే 19న ఎం101 గెలాక్సీలో కనుగొన్న సూపర్‌నోవా ఎస్‌ఎన్ 2023ఐఎక్స్‌ఎఫ్ ఇందుకు చక్కని ఉదాహరణ.

తొలి రోజుల్లో, నీలికాంతి అధికంగా ఉన్న దాని వర్ణపటంలో హైడ్రోజన్, అయనీకృత హీలియం, కార్బన్, నైట్రోజన్‌ల సన్నని ఉద్గార రేఖలు, అంటే ఒక్కో మూలకం తనకే చెందిన తరంగదైర్ఘ్యాల్లో వెలువరించే కాంతి గీతలు, కనిపించాయి. అవి పేలుడు శకలాలవి కావు. నక్షత్రం పేలకముందు తన చుట్టూ వదిలిన వాయువు పేలుడు వికిరణం తాకి అలా వెలిగింది. దూసుకొచ్చిన శకలాలు ఆ వాయువును కమ్మేయడంతో సుమారు వారంలోనే ఆ రేఖలు మాయమయ్యాయి. ఆలస్యంగా చూసినవారికి ఈ సాక్ష్యం ఇక దొరకదు. అందుకే తొలి గంటల పరిశీలనను నేను అన్నిటికన్నా విలువైనదిగా భావిస్తాను.

ఆ తరువాత హైడ్రోజన్ రేఖలు వెడల్పుగా, ఒక శిఖరంతోను, దానికి నీలివైపున ఒక లోయతోను ఏర్పడతాయి. మనవైపు వస్తున్న వాయువు మింగిన కాంతే ఆ లోయ; ఆ వాయువు మనవైపు వస్తున్నందువల్లే లోయ తక్కువ తరంగదైర్ఘ్యం వైపు, అంటే నీలివైపు, జరుగుతుంది: వేగం సెకనుకు 8,000 కిలోమీటర్లయితే 656.3 నానోమీటర్ల రేఖకు లోయ దాదాపు 639 దగ్గర కనిపిస్తుంది. వారాలు గడిచేకొద్దీ కాంతి వెలువడే పొర నెమ్మదిగా కదిలే లోపలి పదార్థంలోకి దిగుతుంది కనుక లోయ తిరిగి 656 వైపు జరుగుతుంది, ఇనుము రేఖలు బలపడతాయి.

కొన్ని నెలలకు శకలాలు పారదర్శకమై, 630 నానోమీటర్ల దగ్గరి ఆక్సిజన్ రేఖ, దానితోపాటు కాల్షియం రేఖలు ప్రస్ఫుటమవుతాయి. అప్పటి వెలుగుకు ప్రధాన ఆధారం 77 రోజుల అర్ధాయువు (సగం పరమాణువులు క్షయమయ్యే కాలం) గల రేడియోధార్మిక కోబాల్ట్-56 క్షయం.