ఫుట్‌బాల్ మేనేజర్‌లో మాటిచ్చి తెచ్చిన ఆటగాడు ఎందుకు అలుగుతాడు?

ఫుట్‌బాల్ జట్టును మనమే నడిపే ఈ కంప్యూటర్ గేమ్‌లో, ‘రెగ్యులర్ స్టార్టర్’ అని ఒప్పుకుని కొన్న వింగర్ (మైదానం అంచున ఆడే దాడి ఆటగాడు) కొన్ని వారాలకే గొడవ మొదలుపెట్టాడు, ఎందుకని ఒకరు అడిగారు.

కాంట్రాక్ట్ మాట్లాడేటప్పుడు జీతంతో పాటు ‘ప్లేయింగ్ టైమ్’ హోదా కూడా ఖాయమవుతుంది: స్టార్ ప్లేయర్, రెగ్యులర్ స్టార్టర్, స్క్వాడ్ ప్లేయర్, ఇలా. చాలామంది జీతం దగ్గర గీచి గీచి బేరమాడి, హోదా మాత్రం ఉదారంగా ఇచ్చేస్తారు. చిక్కంతా అక్కడే. రెగ్యులర్ స్టార్టర్ మొదటి పదకొండు మందిలో ఉండాలనుకుంటాడు. బెంచీ మీద కూర్చోబెట్టి 80వ నిమిషంలో మైదానంలోకి పంపితే ఊరుకోడు.

సంతకానికి ముందే ఆ స్థానంలో ఎంతమందికి ఇదే మాట ఇచ్చారో చూసుకోండి. ఇంగ్లండ్ ప్రీమియర్ లీగ్‌లో సీజన్‌కు జట్టుకు 38 మ్యాచ్‌లు. ఒకే రైట్ వింగ్‌కు ఇద్దరు స్టార్టర్లుంటే ఒకరికి అన్యాయం తప్పదు. యూరప్ పోటీలు, కప్ మ్యాచ్‌లు ఉంటే కాస్త సర్దుకుంటుంది. కుర్రాడైతే ఈ ఏడు స్క్వాడ్ ప్లేయర్, వచ్చే ఏడు స్టార్టర్ అని మెట్లుమెట్లుగా ఒప్పించవచ్చు. నాకు బాగా నచ్చే పద్ధతి అదే.

ఇప్పటికే అలిగితే దాటవేయకండి. డ్రెస్సింగ్ రూమ్‌లో పలుకుబడి ఉన్నవాడైతే మిగతావాళ్లూ అతని పక్షం చేరతారు. ఆడించగలిగితేనే మళ్లీ మాటివ్వండి, లేదంటే లోన్‌కు, అంటే కొంతకాలం వేరే క్లబ్‌కు, పంపండి.