ఓవరీలో రక్తపు గడ్డ అన్నారు, ఊరికే ఎలా ఉండాలి?

ప్రశ్న: మేడం, నాకు 28 ఏళ్లు. పోయిన వారం రాత్రి ఉన్నట్టుండి పొత్తికడుపులో కుడివైపు పొడిచినట్టు నొప్పి వచ్చింది, మెలికలు తిరిగిపోయాను. గంటకి కాస్త తగ్గింది కానీ రెండు రోజులు నడుస్తున్నా లాగుతూనే ఉంది. పీరియడ్‌కి అప్పటికి ఇంకో వారం ఉంది. స్కాన్‌లో కుడి ఓవరీలో 5.4 సెంటీమీటర్ల హెమరేజిక్ సిస్ట్ అని రాశారు. డాక్టర్ గారేమో నొప్పికి మాత్రలిచ్చి రెండు నెలల తర్వాత రమ్మన్నారు. లోపల రక్తం ఉందంటుంటే ఊరికే ఎలా కూర్చోవాలి? మా అత్తయ్య అయితే ఓవరీ తీయించేయమంటున్నారు. క్యాన్సరేమో, పిల్లలు పుట్టరేమో అని నిద్ర పట్టట్లేదు.

జవాబు: ముందు ఒక్కటి చెప్తానమ్మా, ఓవరీ తీయించాల్సిన పని లేదు. మీ డాక్టర్ గారు చెప్పింది సరైనదే.

ప్రతి నెలా ఓవరీలో చిన్న నీటి తిత్తి పెరిగి, పగిలి, అండం బయటికొస్తుంది కదా, ఆ తర్వాత మిగిలిన తిత్తి చుట్టూ సన్నటి కొత్త రక్తనాళాలు బోలెడు పుట్టుకొస్తాయి, వాటిలో ఒకటి చిట్లి రక్తం ఆ తిత్తిలోకే చేరితే అదే హెమరేజిక్ సిస్ట్. అందుకే ఇది ఎక్కువగా పీరియడ్‌కి ముందు రెండు వారాల్లో వస్తుంది, మీ నొప్పి కూడా సరిగ్గా అప్పుడే వచ్చింది. గాయం మీద రక్తం గడ్డకట్టి మెల్లగా కరిగిపోయినట్టే ఇదీ మామూలుగా 6 నుంచి 8 వారాల్లో దానంతటదే కరిగిపోతుంది.

మీ స్కాన్ ఫిల్మ్ ఒకసారి చూడండి, తిత్తి లోపల సాలెగూడులా సన్నటి గీతలు కనిపిస్తాయి, అది గడ్డకడుతున్న రక్తం. డాప్లర్‌లో, అంటే రక్తం పారడాన్ని చూపించే స్కాన్‌లో, లోపల రక్తప్రసరణ లేదని కూడా ఉంటే ధైర్యంగా ఉండొచ్చు, ఎందుకంటే క్యాన్సర్ గడ్డల్లో లోపలి గట్టి భాగానికి సాధారణంగా రక్తం అందుతుంటుంది. ఎవరో చెప్పారని సీఏ-125 టెస్ట్ (ఓవరీ క్యాన్సర్ అనుమానంతో చేసే రక్తపరీక్ష) మాత్రం చేయించుకోకండి, మీ వయసులో పీరియడ్స్ వల్ల, ఇలాంటి సిస్ట్‌ల వల్ల కూడా అది పెరుగుతుంది, అనవసరంగా భయపడతారు.

రెండో స్కాన్ మాత్రం మానొద్దు. 5 సెంటీమీటర్లు దాటింది కాబట్టి 6 నుంచి 12 వారాల మధ్య చూడాలి, అది కూడా పీరియడ్ మొదలైన 3వ రోజు నుంచి 10వ రోజు లోపు వెళ్తే మంచిది, లేట్‌గా వెళ్తే ఆ నెల కొత్త తిత్తి కనిపించి మళ్ళీ గందరగోళం. అప్పటికీ అలాగే ఉంటే చాక్లెట్ సిస్ట్ (గర్భసంచి లోపలి పొరలాంటిది ఓవరీలో పెరిగి, పాత రక్తం నిండిన తిత్తి) ఏమో చూడాల్సి వస్తుంది, స్కాన్‌లో రెండూ ఒకలా కనిపించే సందర్భాలున్నాయి. గర్భనిరోధక మాత్రలు వాడితే కొత్తవి రావడం తగ్గుతుంది గానీ ఉన్నది కరగదు.

ఈలోపు బరువులెత్తడం, గట్టి వ్యాయామాలు, నొప్పి పోయేదాకా కలయిక ఆపండి. రక్తం పలచబడే మందులు వాడుతున్నా, చిన్నప్పటి నుంచి పీరియడ్స్‌లో బ్లీడింగ్ మరీ ఎక్కువైనా డాక్టర్‌కి తప్పకుండా చెప్పండి. నొప్పి ఒక్కసారిగా పెరిగి వాంతులవుతుంటే ఓవరీ మెలిపడిందేమో అని, కళ్ళు తిరిగి చెమటలు పట్టినా, భుజం నొప్పి వచ్చినా, కడుపు ఉబ్బినా లోపల ఎక్కువ రక్తం పోతోందేమో అని అనుమానించాలి. అర్ధరాత్రైనా సరే, పొద్దున చూద్దాంలే అనుకోకుండా ఎమర్జెన్సీకి వెళ్ళిపోండి. అప్పుడు ఆపరేషన్ అవసరమైనా చాలావరకు లాపరోస్కోపీలో, అంటే చిన్న రంధ్రాల ద్వారా కెమెరాతో, సిస్ట్ మాత్రమే తీసి ఓవరీని కాపాడతారు.

పిల్లల విషయంలో దిగులొద్దు, ఈ సిస్ట్ వచ్చిందంటే మామూలుగా మీకు అండం విడుదలవుతోందని అర్థం. అన్నట్టు, నొప్పి వచ్చినప్పుడు ప్రెగ్నెన్సీ టెస్ట్ చేశారా? రాయలేదు మీరు. ట్యూబ్‌లో గర్భం వచ్చినా అచ్చం ఇలాంటి నొప్పే వస్తుంది, చేయకపోయుంటే ఇవాళే చేయించుకోండి.