కొత్త టైర్లకు వంద మైళ్ల ఓపిక

ప్రశ్న: సెప్టెంబరులో ఇంగ్లండులోని లీడ్స్‌కు ఎమ్మెస్సీ చదవడానికి వచ్చాను. బస్సు ఖర్చు తగ్గుతుందని పాత 125 సీసీ బండి కొన్నాను. నిన్న రెండు టైర్లూ కొత్తవి వేయించాను. మొదటి 100 మైళ్లు నెమ్మదిగా నడపమని షాపులో చెప్పారు. మన దగ్గర ఆరేళ్లు బండి నడిపాను, ఇలాంటి మాట ఎన్నడూ వినలేదు. సోమవారం నుంచి 12 మైళ్ల దూరంలో రాత్రి షిఫ్టు మొదలవుతుంది. నిజంగా అంత జాగ్రత్త అవసరమా?

జవాబు: అవసరమే, తమ్ముడూ. ఆరేళ్ల అనుభవం గురించి రాశావు కాబట్టి ముందు నా సంగతి చెబుతాను. తెనాలి నుంచి గుంటూరుకు నాలుగేళ్లు రోజూ బండి మీద తిరిగినవాణ్ని. వానలో, బురదలో, లారీల మధ్య నడిపాను, ఒక్కసారి కూడా పడలేదు. ఆ ధీమాతోనే 2006లో ఈ ఊరు వచ్చాను. ఇక్కడ బండి మీద నుంచి నేను పడ్డది ఒకే ఒక్కసారి. అది కొత్త టైర్లు వేయించుకున్న మర్నాడు.

అసలు తప్పు అంతకు ముందే మొదలైంది. వచ్చిన కొత్తలో ప్రతి పౌండునూ రూపాయల్లోకి మార్చి చూసుకునేవాణ్ని. మీరందరూ చేసేది అదే, నాకు తెలుసు. అప్పుడు పౌండుకు 80 రూపాయల పైచిలుకు. కొత్త టైర్ల జత బిగింపుతో కలిపి 110 పౌండ్లన్నారు. దాదాపు తొమ్మిది వేల రూపాయలు! మా నాన్న పంపమన్న అప్పు వాయిదాలో అది పెద్ద భాగం. అందుకని వాడేసిన టైరు ఒకటి 20 పౌండ్లకు దొరికితే వెనక చక్రానికి వేయించాను. రెండు నెలలు తిరగకుండానే అది పక్కల పగుళ్లు తేలింది. ఆ 20 పౌండ్లూ వృథా. చివరికి 2007 నవంబరులో కొత్త జత కొనక తప్పలేదు. షాపులో పెద్దాయన నీకు చెప్పినట్టే నాకూ చెప్పాడు. తెల్లవాళ్లకు అన్నిటికీ భయమే అనుకుని తలూపి వచ్చేశాను.

మర్నాడు ఉదయం ఆరింటికి షిఫ్టుకు బయలుదేరాను. నాలుగు డిగ్రీల చలి, రాత్రంతా కురిసి ఆగిన వాన. రింగ్ రోడ్డు మీద ఒక రౌండబౌట్‌లోకి రోజూ వెళ్లే వేగంతోనే వెళ్లాను, రోజూలాగే బండిని కుడికి వంచాను. వెనక చక్రం సబ్బు మీద కాలు పెట్టినట్టు జారిపోయింది. వెనక కారు ఆయన దూరం పాటించాడు కాబట్టి ఈ జవాబు రాయగలుగుతున్నాను.

ఇప్పుడు లెక్క విను. బ్రేకు లివర్, ఫుట్‌రెస్ట్, అద్దం, ఇండికేటర్ కలిపి 140 పౌండ్లు. బీమా థర్డ్ పార్టీదే, కాబట్టి అదంతా నా జేబులోంచే పోయింది. మణికట్టు వాచి ఐదు షిఫ్టులు మానేశాను. అప్పటి కనీస వేతనం గంటకు 5 పౌండ్ల 52 పెన్నీలు. రోజుకు ఎనిమిది గంటల చొప్పున చూస్తే 220 పౌండ్లు పోయాయి. రెండూ కలిపి 360. అంటే అప్పట్లో 28 వేల రూపాయల పైమాటే. ఆ నెల ఇంటికి డబ్బు పంపలేదు. బ్యాంకులో ఏదో ఆలస్యమని నాన్నకు అబద్ధం చెప్పాను. ఆయన ఊళ్లో ఎవరి దగ్గరో చేబదులు తెచ్చి వాయిదా కట్టారని తరువాత అమ్మ చెప్పింది. ఇన్నేళ్లయినా ఆ మాట తలచుకుంటే మనసు కలుక్కుమంటుంది.

మన దగ్గర ఈ మాట ఎందుకు వినలేదో ఆలోచించు. గుంటూరు ఎండలో రోడ్డు సలసలా కాగుతుంటుంది, తారు గరుకుగా ఉంటుంది, టైర్లు సన్నవి, మన వేగాలు తక్కువ. పంక్చర్ షాపు దాటి రెండు వీధులు తిరిగేసరికి కొత్త టైరు నున్నదనం చాలావరకు అరిగిపోతుంది. ఇక్కడ చలికాలంలో రబ్బరు వేడెక్కనే వేడెక్కదు. టైరును అచ్చులో వేడిగా నొక్కి తీస్తారు కాబట్టి పైపొర అద్దంలా నున్నగా ఉంటుంది. అచ్చుకు అంటుకోకుండా వాడే పదార్థం ఛాయలు కూడా కొన్నిటి మీద మిగిలి ఉండవచ్చు. ఆ పైపొర అరిగితేనే రోడ్డును పట్టుకునే రబ్బరు బయటపడుతుంది. టైరు లోపలి పొరలు కూడా కొన్నిసార్లు వేడెక్కి చల్లారితేగాని సర్దుకోవు. ఇంకోటి, టైరును రిమ్ముకు ఎక్కించేటప్పుడు సబ్బులాంటి జారుడు ద్రవం రాస్తారు. అది పూర్తిగా ఆరకముందే గట్టిగా బ్రేకు వేసినా, ఒక్కసారిగా యాక్సిలరేటర్ తిప్పినా టైరు రిమ్ము మీదే జరిగే ప్రమాదం ఉంది.

పాత టైరు నడుమ అరిగి చదునుగా అయిపోయి ఉంటుంది. కొత్తది గుండ్రంగా ఉంటుంది కాబట్టి చిన్నగా వంచితేనే బండి చటుక్కున వాలుతుంది. చేతులు పాత అలవాటులోనే ఉంటాయి. ఆ రోజు నన్ను పడేసినవాటిలో ఇది కూడా ఒకటని నా నమ్మకం.

ఇక నువ్వు చేయాల్సింది. సోమవారం రాత్రి షిఫ్టుకు ఆ టైర్లతో నేరుగా వెళ్లవద్దు. శని, ఆదివారాల్లో వాన లేని పగటి పూట చూసుకుని, పది, పదకొండు గంటలకు బయలుదేరు. లీడ్స్ నుంచి హారోగేట్ వెళ్లి వస్తే సుమారు 30 మైళ్లు. మూడుసార్లు తిరిగితే పని దాదాపు అయిపోయినట్టే. పెట్రోలు దండగ అనుకుంటావేమో, నీ 125 సీసీ బండికి 100 మైళ్లకు నాలుగున్నర, ఐదు లీటర్లకు మించి పట్టదు. నా 360 పౌండ్ల పక్కన పెట్టి చూడు. రెండు రోజుల్లోనూ వాన వదలకపోతే సోమవారం బస్సెక్కు. ఆ టికెట్టును రూపాయల్లోకి మార్చి చూడకు.

మొదటి 20 మైళ్లు బండిని దాదాపు నిటారుగానే నడుపు. బ్రేకులు మెల్లగా, ముందుగానే వెయ్యి. ముందు బండికి రోజూ వదిలే దూరానికి రెట్టింపు వదులు. అయితే 100 మైళ్లూ తిన్నని రోడ్డు మీదే నడిపితే నడిమి పట్టీ మాత్రమే అరుగుతుంది, పక్కలు షాపులో ఉన్నట్టే నున్నగా మిగులుతాయి. వంపులో నిన్ను నిలబెట్టేవి ఆ పక్కలే. కాబట్టి 20 మైళ్లు దాటాక పొడి రోడ్డు మీది వంపుల్లో కొద్దికొద్దిగా వాలుస్తూ పో, ప్రతిసారీ కిందటిసారి కంటే ఒక్క వేలెడు ఎక్కువ. కార్ల రేసుల్లో చూసి బండిని అటూ ఇటూ ఊపితే టైరు వేడెక్కదు, బ్యాలెన్సు మాత్రం పోతుంది. కొందరు ఇసుక కాగితంతో రుద్దుతారు. దాంతో మెరుపు పోతుందేమోగాని లోపలి పొరలు సర్దుకోవు. పట్టు పెరుగుతుందని గాలి తగ్గించకు. నల్లగా మెరవాలని టైరుకు పాలిష్ అసలే పూయకు. మా వీధిలో ఉన్న కుర్రాడొకడు పూశాడు, ఆ చుక్కలు చిమ్మి రోడ్డుకు తగిలే భాగం మీదే పడ్డాయి. చెప్పబట్టి కడిగాడు. 100 మైళ్లు దాటాక కూడా తడిసిన ఆకులు, మ్యాన్‌హోల్ మూతలు, రోడ్డు మీది తెల్ల గీతలు, రౌండబౌట్లలో లారీలు ఒలికించిన డీజిల్ మరకలు వీటి మీద బండిని వంచవద్దు.

ఇప్పుడే కిందికి వెళ్లి టైరు పక్కన ఉన్న బాణం గుర్తు చక్రం తిరిగే దిక్కుకే ఉందో లేదో చూడు. బండి కదిలించబోయే ముందు, ముందు చక్రం బ్రేకు లివర్‌ను గట్టిపడేదాకా నాలుగైదుసార్లు నొక్కు. చక్రం విప్పి బిగించినప్పుడు బ్రేకు ప్యాడ్లు వెనక్కి జరిగి ఉండవచ్చు. రేపు ఉదయం టైర్లు చల్లగా ఉండగా గాలి కొలిచి, బండి పుస్తకంలో రాసిన అంకెకు సరిచెయ్యి.

రూల్సు చాలావరకు ప్రభుత్వ వెబ్‌సైటులో ఉన్నాయి. మన లైసెన్సు 12 నెలలే చెల్లడం, ఆ తరువాత సీబీటీ అనే తప్పనిసరి ప్రాథమిక శిక్షణ, విద్యార్థులకు వారానికి 20 గంటల పని, అన్నీ అక్కడ చదువుకో. ఒక్కటి మాత్రం నేనే చెబుతాను, ఎందుకంటే అది డబ్బుతో ముడిపడింది. టైరు వెడల్పులో ముప్పాతిక భాగం మీద గాడి లోతు కనీసం ఒక మిల్లీమీటరు ఉండాలి. లేకపోతే ఒక్కో టైరుకు 2,500 పౌండ్ల దాకా జరిమానా, లైసెన్సు మీద మూడు పాయింట్లు. ఆ పాయింట్లు పడితే బీమా కూడా పెరుగుతుంది. టైరు పూర్తిగా అరిగేదాకా లాగి ఆదా చేద్దామన్న ఆలోచన ఈ దేశంలో కుదరదు.

నిన్నటి రసీదు జాగ్రత్తగా ఉంచు. దాని వెనక ఈ రోజు మీటరు అంకె రాసి, దాని కింద 100 కలిపిన అంకె రాసుకో. ఆ అంకె వచ్చేదాకా రాత్రి పూట బండి తీయవద్దు. నా దగ్గర అలాంటి రసీదులు ఆరు ఉన్నాయి. ఆదివారం సాయంత్రానికి ఎన్ని మైళ్లయ్యాయో నాకు రాయి.